మా అక్క పెళ్ళిలో మునగని గడికుడుక

“మీ గిన్నె మునిగేదాకా కూర్చుంటే మావాడికి పీటల మీదే గెడ్డం నెరుస్తుందండీ!”

“మీ జేబులో కీచురాయి కూస్తోందని మేం పిల్ల మెళ్ళో పుస్తె కట్టించేయాలా అండీ?”

“కీచురాయి కాదండీ, సీమ గడియారం! కాలవల దొరగారు తన జేబులోంచి తీసి స్వయంగా నా చేతిలో పెట్టారు.”

“ఆయన జేబులోంచి తీసి మీ చేతిలో పెడితే, మీరు మీ జేబులో పెట్టుకోండి. మా పందిట్లో పెట్టకండి.”

“బావా, ఇంతకీ గంప ఎత్తనా, దించనా?”

ఆ చివరి మాట మా మేనమామది. గంపలో ఉన్నది మా అక్క. ముందు మాట్లాడినాయన అక్కకి కాబోయే మావగారు, ఎదురు మాట్లాడింది మా నాన్న. ఇద్దరూ “అండీ” విడిచిపెట్టకుండానే తిట్టుకుంటున్నారు, మా గోదారోళ్ళం అంతే కదా, కొట్టుకునేటప్పుడు కూడా “కాస్త పక్కకి తిరగండి” అంటాం. శ్రావణమాసం, పొద్దుటి పూట, మబ్బు. మా ఇంటి ముందు పందిరి నిండా జనం. ఆ జనమంతా ఎవరి వంక చూస్తున్నారనుకున్నారు? పెళ్ళికూతురి వంకా కాదు, పెళ్ళికొడుకు వంకా కాదు, నా వంక. ఎందుకంటే గంగాళం ముందు కూర్చున్నది నేను.

ఆ రోజుల్లో మా పల్లెల్లో గడియారమంటే గోడకి వేలాడేది కాదు, నీళ్ళలో తేలేది. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. తమలపాకంత పల్చగా కొట్టిన రాగి గిన్నె, దాని అడుగున సూది మొనంత చిల్లు. నీళ్ళ గంగాళంలో వదిలితే ఆ చిల్లులోంచి నీరు ఊరి, ఊరి, గడియ సేపటికి ఆ గిన్నె “బుడుంగ్” మని మునుగుతుంది. దాన్నే గడికుడుక అనేవాళ్ళం. మునగ్గానే తీసి, తుడిచి, మళ్ళీ వదలాలి, మునిగినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన పెట్టాలి. పొద్దు పొడిచిన దగ్గర్నించి ఇన్ని గడియలకి ముహూర్తమని పురోహితుడు గారు పంచాంగం చూసి చెబితే, అన్ని గింజలు అయ్యేసరికి పెళ్ళికూతుర్ని పీటల మీదికి తేవడం, తెర అడ్డం పెట్టడం, జీలకర్రా బెల్లం. ఆ గంగాళం ముందు కూర్చోబెట్టడానికి నిదానస్థులు కావాలి. ఆడుకునే పిల్లలు పనికిరారు, పెద్దలు కబుర్లలో పడతారు. నన్ను పెట్టారు. నేను పుట్టడమే ముసలమ్మలా పుట్టానని మా అమ్మ అనేది. (ఊయల్లో ఉండగానే దీపంలో నూనె ఎక్కువ పోశారని ఏడ్చానట. అది అబద్ధమే అయ్యుంటుంది గానీ నా గురించి చెప్పారంటే అందరూ నమ్మారు.) వీధిబడికి కొన్నాళ్ళు వెళ్ళాను, నూరు దాకా అంకెలూ, గుణింతాలూ వచ్చేసరికి ఇక చాలన్నారు. చింతగింజలు లెక్కపెట్టడానికి నిజంగా చాలు.

కుడుక చేసింది మా ఊరి కంచరి బాబాయి. వరసకి బాబాయి కాదు, ఊరి వరస. ఆయన ఇంట్లో వాళ్ళ తాత చేసిన కుడుక ఒకటి ఉండేది. కొత్తది చేసినప్పుడల్లా తాతదీ తనదీ పక్కపక్కన నీళ్ళలో వదిలి, రెండూ ఒక్కసారే మునిగేదాకా తన కుడుక అంచుని ఆకురాయితో కాస్త కాస్త అరగదీస్తూ కూర్చునేవాడు. అరగదీసింది ఎక్కువైతే గిన్నె పారేసి మళ్ళీ మొదలు. “చిల్లు పొడవడం ఎవడైనా పొడుస్తాడే అమ్మడూ, ఎక్కడ ఆపాలో తెలియాలి” అనేవాడు. ఆ మాట ఒకసారి చెబితే బాగుండును. కనబడ్డప్పుడల్లా చెప్పేవాడు. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని చూసి దారి మళ్ళేవారు.

అక్క మావగారు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవ తవ్వకాలు చేయించే మేస్త్రీ. దొరల కింద పని, దొరల గంటకి లేవడం, గంటకి తినడం. ఆ గంటకి సరిపెట్టిన గడియారం గొలుసుతో సహా కండువా కింద ఉండేది. ఆయన మా ఇంట్లో దిగిన దగ్గర్నించి దాన్ని తియ్యడం, మూత టప్పున తెరవడం, చూడడం, తల ఊపడం, టప్పున మూయడం. మా ఊరి ముసలాళ్ళు ఒకరి చెవిలో ఒకరు, “పాపం, మావగారికి ఏదో జబ్బండీ, అందులో మందుంది” అనుకున్నారు.

ఇక తగువు సంగతి. పొద్దు పొడిచాక పదో గడియకి ముహూర్తం. రెండున్నర గడియలు ఒక గంట కాబట్టి, ఆరింటికి పొద్దు పొడిస్తే సరిగ్గా పది గంటలకి పెళ్ళని మావగారు లెక్కగట్టుకొచ్చారు. ఆయన గడియారం పది చూపించే వేళకి నా దగ్గర చింతగింజలు తొమ్మిదే ఉన్నాయి. పదో మునక కోసం కుడుక ఇంకా తేలుతూనే ఉంది, చెరువులో బాతులాగా ఏమీ పట్టనట్టు. మర్నాటి నుంచీ మూఢం, మాఘమాసం దాకా ఇంకో ముహూర్తం లేదు. ఆయనేమో ముహూర్తం దాటిపోయాక పుస్తె కట్టించేది లేదు, పడవెక్కి వెళ్ళిపోతామంటారు. మా నాన్నేమో ముహూర్తం రాకుండా కట్టించేది లేదంటారు. దాటాక కట్టినా, రాకముందు కట్టినా పిల్ల సంసారమే కదా పాడయ్యేదని ఇద్దరి పట్టుదలా. తప్పు ఎవరిదీ కాదు. ధవళేశ్వరంలో మావగారు ఇంకో పిల్లని కూడా చూసి ఉంచారని మాకు అప్పటికే చూచాయగా తెలుసు. అమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

అందరి కంటే ఎక్కువ కంగారు అక్కది. పెళ్ళి గంపలో బాసిపట్టు వేసుకుని, కొబ్బరిబోండం పట్టుకుని, తలవంచుకుని కూర్చుంది. మావయ్య గంప ఎత్తమంటే ఎత్తుతున్నాడు, వద్దంటే దించుతున్నాడు. దించినప్పుడల్లా గంప నా పక్కకే వచ్చేది. అక్క పెదవి కదపకుండా, “ఒసే, మునిగిందా?” అంది.

“లేదు.”

“ఎంతుంది?”

“సగానికి పైన.”

“ముంచెయ్యవే.”

“తప్పు.”

“వేలు పెట్టవే, చచ్చినదానా! ఎవరు చూస్తారు?”

“గోదారమ్మ చూస్తుంది” అన్నాను నేను. అక్క గంపలోంచే నా తొడ మీద గిల్లింది. పెళ్ళికూతురు గిల్లిన గిల్లుడు కాదది, రోకలి పట్టిన చెయ్యి. నేను కదల్లేదు. అంతలో మావగారు స్వయంగా నా దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుని, మెత్తగా, “అమ్మడూ, నువ్వు బంగారుతల్లివి కదూ. ఇది తిని, ఆ గిన్నె మీద కాస్త చెయ్యి వెయ్యి” అని ఒక కొబ్బరుండ చేతిలో పెట్టారు. కొబ్బరుండ తిన్నాను. చెయ్యి మాత్రం వెయ్యలేదు. (తిండి పారెయ్యడం నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు.) “ఇది మీ పిల్ల కాదండీ, న్యాయాధిపతి!” అని ఆయన మా నాన్న మీద అరిచారు. నాన్న ఆ రోజు మొత్తం మీద గర్వంగా నిలబడింది ఆ ఒక్కసారే.

“ఈ గిన్నె చేసినవాణ్ణి పిలవండి. చిల్లు ఎలా పొడిచాడో నేనడుగుతాను” అన్నారు మావగారు. పిలవక్కర్లేదు, కంచరి బాబాయి అప్పటికే పందిరి గుంజకి ఆనుకుని కుతకుతలాడుతున్నాడు. ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

“నా చిల్లుకి వంక పెడుతున్నారాండీ బాబుగారూ?”

“పెడుతున్నాను.”

“మా తాత చిల్లు పొడిచిన కుడుక మీద ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ అయ్యాయండీ. ఒక్క సంసారం చెడిపోయిందేమో అడగండి.”

“నా సంసారం ఈ గడియారం మీద నడుస్తోంది. నిద్రపోయినా ఇది నిద్రపోదు. చిల్లూ లేదు, నీళ్ళూ లేవు. ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు.”

“ఏదీ, ఇలా ఇవ్వండి” అన్నాడు బాబాయి, వేలెడంత చేప తెచ్చి పులస అంటే చూద్దాం అన్నట్టు.

మావగారు మామూలుగా ఎవరికీ ఇచ్చే మనిషి కాదు. కానీ అంత జనంలో ఇవ్వనంటే జంకాడనుకుంటారు. గొలుసు విప్పి, గడియారం బాబాయి అరచేతిలో పెట్టారు. బాబాయి దాన్ని ముందు బరువు చూశాడు. గోటితో మీటాడు. మూతి వంకర తిప్పి ఏదో అనబోయి, ఎందుకో చెవి దగ్గర పెట్టుకున్నాడు. అంతే, అనబోయింది అనలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. కోపంగా వచ్చిన మనిషి, తగువు ఎందుకొచ్చిందో, ఎవరి పెళ్ళికొచ్చాడో అన్నీ మర్చిపోయి, పురిట్లో పిల్ల ఏడుపు మొదటిసారి విన్నవాడిలా నిలబడ్డాడు.

“లోపల ఎవరు కొడుతున్నారండీ?” అన్నాడు నెమ్మదిగా.

“చక్రాలు.”

“ఎన్నండీ?”

“నేను చూళ్ళేదు.”

“చూళ్ళేదా!” అన్నాడు బాబాయి. ఇన్నాళ్ళూ చేతిలో పెట్టుకుని చూళ్ళేదంటే ఆయనకి నమ్మకం చిక్కలేదు. బొటనవేలితో వెనక అంచు తడుముతూ తడుముతూ ఎక్కడో నొక్కాడు. మావగారికే తెలియని మూత ఒకటి తెరుచుకుంది. పందిరంతా మీదికి వంగింది. మా నాన్న వంగారు. పురోహితుడు గారు పంచాంగం చంకలో పెట్టుకుని వంగారు. పెళ్ళికొడుకు పీట మీంచి సగం లేచాడు. నేను గంగాళం విడిచిపెట్టకూడదు కాబట్టి కూర్చున్న చోటే మెడ సాచాను. నా జన్మలో నేను ధర్మం తప్పినంత పని చేసింది అప్పుడే. ధనియాల గింజలంత చక్రాలు, ఒకదాని పళ్ళు ఒకదాని పళ్ళలో, ఒకటి గబగబా, ఒకటి నింపాదిగా, మధ్యలో చిన్నది ఒకటి పిట్ట గుండెలా ఇటూ అటూ కొట్టుకుంటోంది.

“ఎవరు చేశారండీ ఇది? ఏ ఊరి కంచరి?”

“కంచరి కాదు. సీమలో యంత్రాలు చేస్తాయి.”

“యంత్రానికి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందండీ?”

మావగారు చెప్పడానికి నోరు తెరిచారు. బాబాయి జవాబు కోసం ఆగలేదు. “ఈ కొట్టుకునేదాన్ని... ఊరికే... ఒక్కసారి...” అని చిటికెన వేలు చివర దాని మీద ఆనించాడు.

గడియారం ఆగిపోయింది.

ఎలా చెప్పను మీకు? మావగారి నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నాన్న నవ్వాలో ఏడవాలో తెలియక బిగుసుకుపోయారు. బాబాయి వేలు గాల్లోనే ఉంది. మేళగాళ్ళు సన్నాయిలు దించేశారు. కుడుక తేలుతూనే ఉంది, గడియారం నిలిచింది, ఆకాశంలో పొద్దు లేదు. మా పందిట్లో ఆ క్షణాన కాలమన్నదే లేకుండా పోయింది.

పురోహితుడు గారు తలెత్తారు. ఆయన పెద్దాయన, ఇలాంటి పెళ్ళిళ్ళు చాలా చేశారు. “ఆహా!” అన్నారు గట్టిగా. “పొద్దుటి నుంచీ నేను చూస్తున్నది దీనికోసమే. ఇరు పక్షాలవారి నోళ్ళూ మూతబడ్డాయి. ఇంతకు మించిన సుముహూర్తం ఏ పంచాంగంలోనూ రాయరు. గంప ఎత్తండి! తెర పట్టండి! గట్టిమేళం!”

మావయ్య ఈసారి ఎత్తనా దించనా అని అడగలేదు. గంప అక్కతో సహా ఎగిరినంత పనయింది. డోలు మోగింది. ఎవరైనా కాదనాలనుకున్నా వినపడే వీలు లేదు. జీలకర్ర బెల్లం పెట్టి, పుస్తె కట్టి, అందరూ అక్షింతలు చల్లుతున్నప్పుడు నా ముందు “బుడుంగ్” మంది. నేను లేచి నిలబడి, “మునిగింది! మునిగింది!” అని శక్తికొద్దీ అరిచాను. ఎవరూ వినలేదు. పదో చింతగింజ మాత్రం పెట్టాను.

సాయంత్రం గంగాళం పారబోస్తే అడుగున వేలు మందాన ఎర్ర ఒండ్రు. ఆ ఏడే మా ఊరికి కొత్త కాలవ వచ్చింది. గోదారమ్మ తనంతట తను గుమ్మంలోకి వస్తే నూతినీళ్ళెందుకని, నాన్నే కాలవ నీళ్ళు గంగాళంలో పోయించారు. తాగడానికైతే ఇండుపగింజ అరగదీసి తేర్చేవాళ్ళమే గానీ, ముహూర్తానికి తేర్చాలని ఎవరికి తోస్తుంది? సూది మొనంత చిల్లులో శ్రావణమాసపు బురద పేరుకుంటే కుడుక ఎప్పటికి మునుగుతుంది? ఆ సంగతి నేనెవరితోనూ అనలేదు. పెళ్ళయిపోయాక ముహూర్తం మాట ఎత్తేవాళ్ళంటే నాకు పడదు.

మొన్నీమధ్య మా మనవడికి ఇదంతా చెప్పాను. వాడు రాజమండ్రిలో ఇంగ్లీషు చదువు చదువుతున్నాడు. కాగితం తీసుకుని ఏదో గీకి, “అమ్మమ్మా, శ్రావణంలో పొద్దు ఆరింటికంటే ముందే పొడుస్తుంది. గడియారం లెక్కా తప్పే, గిన్నె లెక్కా తప్పే. మీరు తగువాడుకోవడం మొదలెట్టేసరికే అసలు ముహూర్తం దాటిపోయింది” అన్నాడు. “నోరు ముయ్యరా, మీ పెద్దమ్మమ్మ నిండు సంసారం చేసింది” అన్నాను. చేసింది కూడా. ఆవిడా మా బావగారూ తగువాడుకోని రోజు లేదు గానీ, అది ముహూర్తం తప్పు కాదు, ఇద్దరి నోళ్ళ తప్పు. వాడే ఇంకో ముక్క చెప్పాడు. ఇప్పుడు రాజమండ్రికి రైలొచ్చింది కదా, రైలుకంతా మద్రాసు టైమేనట. మనకి పొద్దు మద్రాసు కంటే కాస్త ముందే పొడుస్తుందట, కానీ అక్కడ పొడిచేదాకా ఇక్కడ తెల్లారినట్టు కాదట. “రైలు ఒకటే కదా అమ్మమ్మా, ఊరికో టైము పెడితే ఎలా?” అన్నాడు. న్యాయంగానే ఉంది. మా పందిట్లో రెండు టైములుంటేనే పెళ్ళి ఆగబోయింది. కానీ దొరతనం వారు ఈ తీర్మానం చేసేటప్పుడు సూర్యుణ్ణి ఒక మాట అడిగారో లేదో తెలుసుకోవాలని నాకు ఉంది. మా అబ్బాయి కొన్న గోడ గడియారం మా ఇంట్లోనూ ఉంది. రోజూ తాళం తిప్పితే అరిగిపోతుందని నేను రెండ్రోజులకోసారే తిప్పనిస్తాను. అంచేత మా ఇంట్లో టైము మద్రాసుదీ కాదు, రాజమండ్రిదీ కాదు. నాది.

పనితనం పోయింది, సీమ సరుకు వచ్చి మన చేతుల్ని విరిచేసిందని మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని అంటూంటారు. నిజమే. ఇప్పుడు కుడుక కావాలంటే మా చుట్టుపక్కల చేసేవాడు లేడు. కావాలనేవాడూ లేడు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు కంచరి బాబాయి ముఖమే గుర్తొస్తుంది. ఎవరూ ఆయన చేతులు విరవలేదు. పెళ్ళిభోజనాల వేళకి చూస్తే, మావగారూ ఆయనా అరుగు మీద తలకి తల ఆనించి కూర్చుని ఉన్నారు, మధ్యలో గడియారం. మావగారు ఎడం చెవికి దాన్ని పెట్టుకునే కుడిచేత్తో పప్పన్నం తిన్నారు. బాబాయి అసలు తిననే లేదు. దీపాల వేళకి ఆయన ఊదాడో, ఏం చేశాడో, అది మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టింది. మావగారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బాబాయి సంతోషంగా వెళ్ళాడా, దుఃఖంగా వెళ్ళాడా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, తేలలేదు. చూసింది మాత్రం చెబుతాను.

మర్నాడు పొద్దున్నే అప్పగింతలు. కాలవ గట్టున పడవ సిద్ధంగా ఉంది. అక్క అమ్మని పట్టుకుని ఏడ్చింది, తర్వాత నాన్నని పట్టుకుని ఏడ్చింది, తర్వాత నన్ను పట్టుకుని, “ఆ ఒక్క వేలూ పెట్టలేకపోయావే” అని ఏడ్చింది. అక్క ఎక్కాక మావగారు ఎక్కారు. ఆయన వెనకాలే కంచరి బాబాయి ఎక్కాడు, భుజాన చిన్న మూట. గడియారాలు విప్పే పనివాడు ఒకడు ధవళేశ్వరంలో దొరల దగ్గర ఉన్నాడట, వాడి దగ్గర నేర్చుకుంటాడట. ఆయన భార్య గట్టు మీంచి చద్దిమూట అందించింది. ఆవిడ ఏడవలేదు, “చలవ చేసేది తినకు” అంది. ఆయన విన్నట్టు లేడు. మావగారు పట్టుకోమని ఇచ్చిన గడియారం చెవికి ఆనించుకుని పడవ కొస మీద కూర్చున్నాడు. గట్టు మీదున్న వాళ్ళమందరం అక్క వంకే చూసి ఏడుస్తున్నాం. పడవ కదిలింది. మేం ఇంటికొచ్చి పెళ్ళిగిన్నెలు తోముకున్నాం. వాటిలో సగం ఆయన చేసినవే.